నాగులమ్మకు మూడో నెల

రొయ్యల కంపెనీ లోపలికి అడుగుపెట్టే ఆడదాని చేతికి గాజులుండకూడదు. వేలికి ఉంగరం, ముక్కుకి పుడక, తలలో పువ్వు, ఏదీ ఉండకూడదు. సరుకులో ఏ గాజుముక్కో పడితే సముద్రం దాటి వెళ్లిన పెట్టె వెనక్కి వస్తుందట. అందుకని గేటు దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, నిన్నగాక మొన్న పెళ్లయిన పిల్లల చేత కూడా గాజులు తీయించి అందులో వేయించేవారు. మొదట్లో ఏడ్చిన వాళ్లు ఏడ్చారు, తర్వాత అలవాటు పడ్డారు. నాగులమ్మకి ఆ బాధ లేదు. ఆమె మొగుడు సముద్రంలోకి చేపల వేటకెళ్లి తిరిగిరాక పన్నెండేళ్లయింది. తీయడానికి ఆమె చేతికి ఏమీ లేవు.

అలా ఆరేళ్లు బోసిచేతులతో పని చేయించుకున్నాక, ఒక సోమవారం పొద్దున అదే గేటు దగ్గర అదే కంపెనీ ఒక్కో ఆడదాని చేతికి ఒక్కో నల్ల పట్టీ తొడిగింది. మోచేతికి పైన, కోటు కింద, ఒంటికి అంటుకుని ఉండేలా బిగించింది. గాజు పనికిరాని చోట ఇదెలా పనికొచ్చిందని ఎవరూ అడగలేదు. నాగులమ్మ అడిగింది.

"గాజు పగులుతుందమ్మా. ఇది పగలదు" అన్నాడు హరినాథ్, తనేదో గొప్ప రహస్యం విప్పి చెప్పినట్టు.

హరినాథ్ ఆ కంపెనీకి వెల్ఫేర్ ఆఫీసరు. ముప్పై ఏళ్లుంటాయి. నెల్లూరు నుంచి రోజూ కారులో వస్తాడు. చొక్కా నలగదు, మాట తడబడదు, మొహాలు మాత్రం గుర్తుండవు. నలభై మంది ఎదురుగా నిలబడినా చేతిలోని ట్యాబ్ వంక చూస్తూనే మాట్లాడతాడు. ఆడవాళ్లకి మంచి చేయాలన్న కోరిక అతనికి నిజంగానే ఉంది. నాగులమ్మకి ఒళ్లు మండేది అక్కడే. చెడ్డవాడయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచి చేస్తానని మీద పడేవాణ్ణి ఏమని తిట్టాలి?

"ఇది మీ ఆరోగ్యం కోసమే. ఒంటి వేడి ఎంత, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఎంతసేపు నిలబడ్డారు, ఎన్నిసార్లు బయటికి వెళ్లారు, అన్నీ ఇదే చూసుకుంటుంది. మీ ఒంట్లో ఏదైనా తేడా వస్తే మీకు తెలియక ముందే మాకు తెలిసిపోతుంది" అని వివరించాడు.

"మాకు తెలవకముందే నీకెందుకు నాయనా తెలవడం?" అంది నాగులమ్మ.

ఆడవాళ్లు నవ్వారు. హరినాథ్ కూడా నవ్వి, ట్యాబ్‌లో ఏదో రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆడవాళ్లు ఆ పట్టీని దండకడియం అనడం మొదలుపెట్టారు. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టలేకపోయిన నగ కంపెనీ పెట్టిందని ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవారు.

చిట్టమూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటి మధ్య తెల్లటి షెడ్డు, అదే కంపెనీ. సముద్రం ఒడ్డున ఉన్న పాలెం నుంచి ఇరవైమంది ఆడవాళ్లు పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వస్తారు. పట్టీ రాక ముందు కూడా అక్కడ కళ్లకేం కొదవ లేదు. గేటు దగ్గర మొహం చూసే కెమెరా. రొయ్యలు ఒలిచే హాలు కప్పుకి ఆరు కెమెరాలు. ఒక్కో మనిషి నిలబడే చోటుకి పైన ఒక చిన్న దీపం. గంటకొకసారి టబ్బు నిండకపోతే అది ఎర్రగా వెలుగుతుంది. మరుగుదొడ్డి తలుపుకి కూడా ఏదో బిగించారు, ఎవరు ఎంతసేపు లోపల ఉన్నదీ అది లెక్కపెడుతుంది. దాని లెక్కలన్నీ క్యాంటీన్‌లో టీవీ మీద పేర్లతో సహా పడతాయి. ఫలానా ఆమె ఈ రోజు అయిదుసార్లు వెళ్లిందని భోజనం చేస్తున్న మగవాళ్లు, ఆడవాళ్లు, ఐసు దించడానికి వచ్చిన లారీ డ్రైవరు అందరూ చదువుకోవచ్చు. నీళ్లు ఎక్కువ తాగుతోందనో తక్కువ తాగుతోందనో ఆ పక్కనే ఒక సలహా.

ఇంతమంది చూస్తుంటే ఆడవాళ్లు ఊరుకుంటారా? వాళ్ల తంటాలు వాళ్లు పడ్డారు. ఇద్దరు పక్కపక్కన ఒత్తుకుని ఒకేసారి లోపలికి వెళితే తలుపు ఒకరినే లెక్కపెడుతుందని వారం తిరక్కముందే కనిపెట్టారు. మాస్కు వెనక ఏం మాట్లాడినా కెమెరాకి పెదవులు కనపడవు గనుక సూపర్‌వైజర్‌ని తిట్టే తిట్లన్నీ అక్కడే తిట్టుకునేవారు. బట్టలు మార్చుకునే గదిలో కెమెరా లేదని కంపెనీ ప్రమాణం చేసి చెప్పింది. ఆ ప్రమాణం మీద ఎవరికీ నమ్మకం లేదు. అందుకని ఇద్దరు ఒక పాత చీరని అటూ ఇటూ పట్టుకుంటే ఒకరు దాని చాటున మార్చుకునేవారు. సముద్రపు ఒడ్డున, చుట్టూ దడి లేని గుడిసెల్లో పెరిగిన వాళ్లకి చాటు ఎలా చేసుకోవాలో కంపెనీ నేర్పక్కర్లేదు.

భానుప్రియ సంగతితో మాత్రం వాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

భానుప్రియ పక్క టేబుల్ పిల్ల. పెళ్లయిన ఏడాదికి నెల తప్పింది. ఇంకా మొగుడితో కూడా అనలేదు, ఇంకో వారం చూసి చెబుదామనుకుంది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ టీవీ మీద ఆమె పేరు పక్కన గులాబీ రంగు పువ్వొకటి పూసింది. హరినాథ్ చప్పట్లు కొడుతూ వచ్చి, "మన భానుప్రియ తల్లి కాబోతోంది!" అని ప్రకటించి, మిఠాయి పెట్టె చేతిలో పెట్టి ఫోటో తీశాడు. ఆ పిల్ల నోట్లో అన్నం ముద్ద అలాగే ఉంది. ఆ ఫోటో కంపెనీ గ్రూపులో పడి, సాయంత్రం బస్సు కంటే ముందు పాలెం చేరింది. బస్సు దిగేసరికి అత్త రోడ్డు మీదే నిలబడి ఉంది. "ఊరందరికీ చెప్పినాక మాకు చెప్దామనుకున్నావా?" అని అందరి ముందూ కడిగేసింది. మూడో వారం హరినాథ్ భానుప్రియని పిలిచి, విశ్రాంతి తీసుకోమని, కాన్పయ్యాక కనపడమని ఎంతో మర్యాదగా చెప్పాడు. మర్నాటి నుంచి బస్సు ఆమె కోసం ఆగలేదు. అది కూడా ఆమె మంచికేనట.

నాగులమ్మ ఇంటికి మూడో ఇల్లు రేవతిది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఒలిచే టేబుల్ దగ్గర ఇద్దరూ పక్కపక్కనే. రేవతికి రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. మొదటిసారి రెండో నెలలోనే అత్త ఇంటింటికీ చక్కెర పంచిపెట్టింది. అది పోయాక చక్కెర తిన్న వాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి పరామర్శించి వెళ్లారు. రెండోసారీ అదే తంతు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లే ప్రతి ఆడదీ లోపలికి తొంగిచూసి నిట్టూర్చి మరీ వెళ్లేది. పోయిన బిడ్డ కంటే ఆ నిట్టూర్పులు ఎక్కువ కోశాయని రేవతి ఒకసారి నాగులమ్మతో అంది.

ఆ రేవతి ఈమధ్య ఐసు పెట్టె మూత తీయగానే మొహం తిప్పుకుంటోంది. ప్రాణం లాంటి ఎండుచేపల కూర పక్కన పెడుతోంది. బస్సులో కిటికీ పక్క సీటు కోసం పరుగెడుతోంది. నాగులమ్మ అన్నీ చూసింది. చూసి, ఒక్క మాట అనలేదు. చూసిన ప్రతిదాన్నీ టీవీ మీద వేసే అలవాటు ఆమెకి లేదు.

పాలెంలో ఒక పద్ధతి ఉంది. వేటకెళ్లిన పడవ ఖాళీగా తిరిగివస్తే, ఆ ఇంటి బుట్టలో మిగతా ఇళ్ల ఆడవాళ్లు దారిన పోతూ తలా దోసెడు చేపలు వేసిపోతారు. వేసేటప్పుడు ఆ ఇంటామె మొహంలోకి చూడరు. ఎందుకు ఖాళీగా వచ్చిందని అడగరు. ఆమె కూడా ఎవరు వేశారో చూడనట్టే ఉంటుంది. ఒలిచే టేబుల్ దగ్గరికి కూడా ఆ పద్ధతి తమతోనే తెచ్చుకున్నారు. ఎవరికి ఏ రోజు చెయ్యి ఆడకపోతే ఆ రోజు పక్కవాళ్లు తలా దోసెడు రొయ్యలు ఒలిచి ఆమె టబ్బులో వేస్తారు, పైన దీపం ఎర్రబడకుండా. నాగులమ్మ రేవతి టబ్బులో దోసెడు వేసింది. అది చూసి ఎదురుగా ఉన్న ఏసుమణి ఒక దోసెడు వేసింది. తర్వాత టేబుల్ అంతా వేసింది. ఎవరూ రేవతి మొహంలోకి చూడలేదు.

ఆ సాయంత్రం చీర చాటున కోటు విప్పుతూ రేవతి నాగులమ్మ చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నీకు తెలిసిపోయినట్టుంది."

"నాకేం తెలవదు. నువ్వు చెప్పిందాకా నాకు తెలవదు."

"చెప్పను అత్తా. ఇప్పుడు చెప్పను. అయిదో నెల వచ్చిందాకా ఎవరికీ చెప్పకూడదని నేనూ ఆయనా ఒట్టు పెట్టుకున్నాం. మా అత్తకు కూడా చెప్పలా. ఈసారి నిలిస్తే నా నోటితో నేనే చెప్పుకోవాలని ఉండాది. మళ్లీ పొయ్యిందంటే, నేనూ ఆయనే ఏడ్చుకుంటాం." అని భుజం దగ్గరి పట్టీని వేలితో చూపించింది. "దీనికి భయంగా ఉండాది. రేపో ఎల్లుండో పువ్వు పూస్తాది."

నాగులమ్మ ఆ పట్టీ వంక చూసింది. ఇంట్లో అత్తకి, పక్కింటామెకి, కన్నతల్లికి చెప్పకుండా దాచుకున్న మాటని ఈ జానెడు పట్టీ పోయి ఆ హరినాథ్‌కి చెబుతుంది. వాడు ఎవడు? ఏం చుట్టం? కానుపు చేసే మంత్రసానా? ఆమెకి ఎంత అసహ్యమేసిందంటే, ఉమ్మడానికి చోటు లేక మింగింది.

"నీది తీసి ఇట్టా ఇయ్యి. నాది నువ్వు తొడుక్కో" అంది.

"అప్పుడు నీ పేరు మీద పడతాది గదా అత్తా!"

"పడితే పడనీ. నాకు అరవై రావస్తుండాయి. నాకు కడుపని ఏ మిషన్ అంటాది? అన్నా ఏ ఎదవ నమ్ముతాడు? తప్పు పడిందని వాళ్లే చెరిపేసుకుంటారులే. దిగులు పడబాక."

నాగులమ్మ చేసిన తప్పు అదొక్కటే. హరినాథ్‌కి కళ్లున్నాయని అనుకుంది.

ఆ రోజు నుంచి పొద్దున చీర చాటున పట్టీలు మార్చుకోవడం, సాయంత్రం ఎవరి పట్టీ వాళ్లు చార్జింగుకి తగిలించి బస్సెక్కడం. నాలుగు రోజులకే హరినాథ్ రేవతిని ఆఫీసు గదికి పిలిపించాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్లి ఎదురుగా నిలబడింది. అతను తలెత్తలేదు.

"ఇంత చిన్న వయసులో మీ నడక ఏం బాగాలేదు రేవతిగారూ. మోకాళ్లు అరిగినట్టు చూపిస్తోంది. రక్తం కూడా మందంగా ఆడుతోంది. ఇది రాసుకోండి" అని ఒక మందు గొట్టం చేతిలో పెట్టాడు.

రేవతి దాన్ని తెచ్చి నాగులమ్మకి ఇచ్చింది. మందు మంచిదే, రెండు రోజులు రాసుకునేసరికి నాగులమ్మ మోకాళ్లకి కొంచెం సుఖమిచ్చింది. బస్సంతా పగలబడి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియనట్టు ఏసుమణి అందరికంటే ఎక్కువ నవ్వింది.

నెల గడిచింది. సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున తనిఖీకి మద్రాసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. కార్మికుల బాగోగులు చూసి రిపోర్టు రాస్తుందట. ఆమె రాసే రిపోర్టు మీదే పెద్ద ఆర్డరు ఆధారపడి ఉంది. ఆమె ముందే విప్పాలని హరినాథ్ ఆ నెల పువ్వుని టీవీ మీదికి రానివ్వకుండా ఆపి ఉంచాడు. క్యాంటీన్ బల్లల మీద కొత్త గుడ్డలు పరిచారు. జనరల్ మేనేజర్ రంగనాయకులు గారు కోటు వేసుకుని వచ్చారు, చిట్టమూరు ఎండలో. ఆడవాళ్లందరినీ మధ్యాహ్నం వరసగా బల్లల దగ్గర కూర్చోబెట్టారు. హరినాథ్ టీవీ పక్కన నిలబడి మేడమ్‌కి పట్టీల గొప్పతనం చెప్పాడు. ఒంటి వేడి చెప్పాడు, గుండె చెప్పాడు, మరుగుదొడ్డి కూడా వదల్లేదు.

"అన్నిటికంటే ముఖ్యం తల్లుల సంరక్షణ మేడమ్. గర్భిణి అని సిస్టమ్ గుర్తించగానే తేలిక పని, రోజూ గ్లాసు పాలు, ఉడికిన గుడ్డు. ఒక్కరిని కూడా పనిలోంచి తీసెయ్యం."

భానుప్రియ టేబుల్ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడు మీ ముందే ఈ నెల తల్లి ఎవరో చూద్దాం" అని హరినాథ్ ట్యాబ్ మీద వేలు నొక్కాడు. ముందుగా ఒకసారి చూసుకోవాలని కూడా అతనికి తోచలేదు. యంత్రం ఉండగా తను చూడటం ఎందుకు? టీవీ మీద గులాబీ పువ్వు విచ్చుకుంది. పక్కన పేరు పడింది. అతను దాన్ని గొంతెత్తి చదివాడు.

"నూట పన్నెండో నంబరు, నాగులమ్మగారు! మూడో నెల. ముందుకు రావాలమ్మా."

క్యాంటీన్‌లో ఎవరూ నవ్వలేదు. నాగులమ్మ లేచి నిలబడింది. వల టోపీ కింద నుంచి తెల్లజుట్టు కనిపిస్తోంది. హరినాథ్ పూలగుత్తి పట్టుకుని నాలుగడుగులు వేసి, ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి తలెత్తి ఒక మనిషి మొహం చూశాడు.

"ఏందయ్యా ఇది?" అన్నారు రంగనాయకులు గారు పళ్ల మధ్య నుంచి.

"తొంభై రెండు శాతం ఖాయమని చూపిస్తోంది సార్" అన్నాడు హరినాథ్.

అంతలో అతని బుర్రకి వెలిగింది. వెలగనంతకాలం బాగుండేది. "మీరు ఇంకెవరిదో బ్యాండ్ వేసుకున్నారు. ఎవరిది? ఎవరిదమ్మా అది?" అని హాలంతా చూసి, "ఒక్కొక్కరే లేచి కోటు చెయ్యి పైకి ఎత్తండి. నంబర్లు చూస్తాను" అన్నాడు.

రెండో బల్ల దగ్గర రేవతి రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేవబోవడం నాగులమ్మ చూసింది. ముసలామెని అందరి ముందూ దోషిలా నిలబెట్టి తను కూర్చోలేని పిల్ల అది. లేస్తే ఇక పువ్వు, మిఠాయి పెట్టె, ఫోటో. బస్సు కంటే ముందు పాలెం. వాకిట్లో అత్త చక్కెర డబ్బా. మూడో నెల, ఇంతకుముందు రెండుసార్లూ ఆ నెలలోనే పోయింది.

పన్నెండేళ్లుగా నాగులమ్మ మీద పాలెంలో ఒక్క మాట పుట్టలేదు. పుట్టనివ్వకుండా బతికింది. చీకటి పడ్డాక వాకిలి దాటలేదు, మరిది వరసవాళ్లతో కూడా నవ్వుతూ మాట్లాడలేదు. అంత జాగ్రత్తగా కాపాడుకున్నదాన్ని ఇప్పుడు ఈ మొహాల ముందు పారబోయాలి. ఆమెకి సిగ్గనిపించింది. ఆ సిగ్గు కంటే ఎదురుగా నిలబడిన వాళ్ల మీద రోత ఎక్కువయింది.

"ఎవరిదీ కాదు. నాదే" అంది.

"అదికాదమ్మా..."

"ఏదికాదు? కడుపు నాదే. మూడో నెల. అయితే ఏంది?"

"మీ వయసు..."

"నా వయసు నీ మిషన్‌కి తెలవదా? ఒళ్లంతా తడిమి చూస్తాదంటివే! మాకు తెలవకముందే నీకు తెలుస్తాదంటివే! తెలిసింది గదా, ఇప్పుడు నన్నెందుకు అడుగుతుండావు?"

హరినాథ్ చెవులు ఎర్రబడ్డాయి. "ఒకసారి చెయ్యి చూపించండి, చాలు."

"చెయ్యి ఎత్తి చూపించమంటావా, చీర ఎత్తి చూపించమంటావా? రా నాయనా, ఆ మేడమ్ ముందరే చూపిస్తా. ఆమె కూడా రాసుకుంటాది."

హరినాథ్ వెనక్కి జరిగాడు. మద్రాసు మేడమ్ కలం ఎత్తి రంగనాయకులు గారి వంక చూసింది. "మీ సిస్టమ్ నమ్మదగిందేనా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న చాలు. సిస్టమ్ తప్పంటే ఈ పువ్వు ఒక్కటే తప్పు కాదు, పొద్దున్నుంచీ చూపించిన లెక్కలన్నీ తప్పే, ఆర్డరూ అంతే. తప్పు కాదంటే, ఈ తెల్లజుట్టు విధవరాలికి మూడో నెల. రంగనాయకులు గారు ఎక్కువసేపు ఆలోచించలేదు.

"నూటికి నూరు పాళ్లు మేడమ్" అన్నారు. హరినాథ్ చేతిలోంచి పూలగుత్తి లాక్కుని నాగులమ్మ చేతిలో పెట్టి ఫోటో తీయించారు. "శుభాకాంక్షలమ్మా. ఒంటికి జాగ్రత్త."

మేడమ్ నాగులమ్మ జుట్టు చూసింది, పూలగుత్తి చూసింది, టీవీ చూసింది. చూసి, కాగితం మీద టిక్కు పెట్టుకుంది. పెద్ద వయసు తల్లి కాబట్టి నెలనెలా పాలు తాగుతున్న ఫోటో పంపమని కూడా చెప్పింది. ముగ్గురూ పెద్ద చదువులు చదివిన వాళ్లే. ఎదురుగా ఉన్న ముసలిదాన్ని ముసలిది అని అనడానికి ముగ్గురిలో ఒక్కరికీ నోరు రాలేదు. నాగులమ్మ పూలగుత్తి తీసుకుంటూ వాళ్లని ఒక్కొక్కరినే ఎగాదిగా చూసింది. చేపల బజారులో కుళ్లిన సరుకు ముందు కూడా ఆమె అంత మొహం పెట్టి ఉండదు.

సాయంత్రం బస్సులో ఆమె ముందు సీటులో ఒంటరిగా కూర్చుంది. పాలెంలో ఇప్పటికే ఫోటో చేరి ఉంటుంది. కోడలు ఏమనుకుంటుంది, ఎదిగిన మనవడు ఏమనుకుంటాడు అని తలుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. బస్సు ఆగింది. ఏసుమణి దిగుతూ, ఆమె మొహం చూడకుండా, ఆమె ఒళ్లో దోసెడు వేరుశనగకాయలు పోసింది. ఆ వెనక వచ్చినామె రెండు సీమచింతకాయలు పెట్టింది. ఇంకొకామె టిఫిన్ డబ్బాలో మిగిలిన బెల్లం ముక్క. ఒక్కొక్కరే దిగిపోయారు, తలా ఒకటి వేసి, ఎవరూ ఆగకుండా, ఎవరూ ఏమీ అడగకుండా. నాగులమ్మకి ఏడుపొచ్చింది. కంపెనీలో రాని ఏడుపు అక్కడ వచ్చింది. ఒడి పట్టుకుని చాలాసేపు దిగలేదు. డ్రైవరు కూడా హారన్ కొట్టలేదు.

పాలెంలో ఒకడు, కల్లు తాగినవాడు, రెండు రోజులు ఆగి అడిగాడు. "ఏం నాగులమ్మా, తండ్రి ఎవరంట?"

"కంపెనీ మిషన్‌కి అన్నీ తెలుసు. పొయ్యి దాన్ని అడుగు" అంది.

మేడమ్ ఫోటో అడిగింది కాబట్టి నాగులమ్మని విశ్రాంతి పేరుతో పంపించడానికి లేకపోయింది. ఆమెకి కుర్చీ వచ్చింది. రోజూ మధ్యాహ్నం గ్లాసు పాలు, ఉడికిన గుడ్డు వచ్చాయి. హరినాథ్ నెలకొకసారి ఫోటో తీసుకునేవాడు. నాగులమ్మ గ్లాసు పట్టుకుని ఫోటోకి నిలబడేది. అతను అటు తిరగగానే గ్లాసూ గుడ్డూ రేవతి ముందుకి జరిగేవి. ఆరు కెమెరాలు చూస్తుండగా ఆ పిల్ల పాలన్నీ తాగేది. కెమెరాలు చూశాయి, టీవీ చూసింది. టేబుల్ ఆడవాళ్లు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

అయిదో నెల వచ్చింది. నిలిచింది. ఇక పని మానేస్తానని రేవతి చెప్పిన రోజు చీర చాటున ఇద్దరూ ఎవరి పట్టీ వాళ్లు తొడుక్కున్నారు. "రేపటి నుంచి నీ పేరు మీద ఏమీ కనపడదు గదా అత్తా, ఏమంటాడో" అంది రేవతి.

"ఏమనుకుంటాడో అనుకోనీ. కుర్చీ తీసేస్తే నిలబడి ఒలుస్తా. ఆరేళ్లు నిలబడలా?"

రేవతి కోటు విప్పేసి, చీరకట్టుతో, పట్టీ అప్పజెప్పడానికి హరినాథ్ గదికి వెళ్లింది. పొట్ట స్పష్టంగా తెలుస్తోంది. నడుం మీద చెయ్యి వేసుకుని, అతనికి రెండడుగుల దూరంలో నిలబడింది. అతను ట్యాబ్‌లో ఆమె నంబరు తెరిచి కిందికి మీదికి జరిపాడు.

"ఎందుకమ్మా మానేయడం? మీ రిపోర్టు బాగానే ఉంది. ఆ మోకాళ్లొక్కటే చూసుకోవాలి" అన్నాడు.

"అట్టాగే సార్" అంది రేవతి.

సాయంత్రం బస్సు గుంటల మధ్య నుంచి మలుపు తిరిగాక, కంపెనీ షెడ్డు కనపడకుండా పోయాక, రేవతి సీటులోంచి లేచి పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడింది. ఇరవైమందీ మాట్లాడటం ఆపేశారు. ఆమె గొంతు సవరించుకుంది. మొహమంతా సిగ్గు.

"అత్తా, అక్కా, మీ అందరికీ ఒక మాట చెప్పాల. నాకు అయిదో నెల."

అంతా ఒక్కసారి మొదలయింది. "నిజంగానా!", "మాకు చెప్పనే లేదేమే!", "ఎంత గుట్టు దానివే!" అని అన్ని వైపుల నుంచి కేకలు. మూడు నెలలుగా ఆమె టబ్బులో దోసెళ్లు పోసిన చేతులన్నీ ఆశ్చర్యంతో బుగ్గల మీదికి వెళ్లాయి. ఏసుమణి అయితే సీటులోంచి లేచి నిలబడిపోయింది.

ముందు సీటులో నాగులమ్మ ముక్కున వేలేసుకుని వెనక్కి తిరిగింది.

"ఏందే పాపా అంటుండావు? ఈ బస్సు మోతలో నాకు సరిగ్గా వినపడలా. మళ్లీ చెప్పు."

రేవతి మళ్లీ చెప్పింది.